108 బండి అసలు ఎవరిది? ఓ కుటుంబం మొదలుపెట్టిన అంబులెన్స్.. పాతబస్తీ గల్లీ దాకా వస్తోందా?

హైదరాబాద్: 108కి ఫోన్ కొడితే వచ్చేది సర్కారు బండి. బండి మీద ప్రభుత్వం పేరు ఉంటుంది. ఎక్కినందుకు, ఆస్పత్రిలో దింపినందుకు జేబులోంచి రూపాయి తీయాల్సిన పని లేదు. అందుకే అది పూర్తిగా ప్రభుత్వానిదే అనుకుంటారు చాలామంది.

అసలు సంగతి వేరు. డబ్బులిచ్చేది ప్రభుత్వం. నడిపేది మాత్రం ఓ ప్రైవేటు సంస్థ. ఆ సంస్థను పెట్టింది హైదరాబాద్‌లోని ఓ వ్యాపార కుటుంబం. ఆ కుటుంబం కుప్పకూలింది. సంస్థ ఇంకో వ్యాపార కుటుంబం చేతికి వెళ్లింది. ఆ రెండో కుటుంబానికీ కష్టాలొచ్చాయి. అయినా సైరన్ ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? ఇన్నేళ్లు తట్టుకుని నిలబడిన ఈ సర్వీసు, చార్మినార్ చుట్టుపక్కల ఇరుకు గల్లీల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడుతోంది? ఆస్పత్రి గేటు బయట ప్రైవేటు వ్యాన్లకు ఇంత గిరాకీ ఎలా వచ్చింది? ఒక్కొక్కటిగా చూద్దాం.

సత్యం ఇంటి నుంచి మొదలైన సైరన్

108 రాకముందు హైదరాబాద్‌లో యాక్సిడెంట్ అయితే ఏం చేసేవాళ్లు? కనిపించిన ఆటోనో, జీపునో ఆపేవాళ్లు. పోలీస్ కేసు అవుతుందని భయపడి చాలామంది ఆపేవాళ్లు కూడా కాదు. అంబులెన్స్ అంటే ఆస్పత్రి సొంత బండి. ఆ ఆస్పత్రి నంబర్ తెలిసిన వాళ్లకే అది వచ్చేది. అందరికీ ఒకే నంబర్, అందరికీ ఒకే బండి అన్న మాటే లేదు.

అప్పట్లో సత్యం కంప్యూటర్స్ అంటే హైదరాబాద్‌కు పెద్ద పేరు. దాని అధిపతి బైర్రాజు రామలింగరాజు, ఆయన సోదరులు కలిసి తండ్రి పేరు మీద 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టారు. పల్లెల్లో వైద్యం, తాగునీరు, చదువు లాంటి పనులు మొదలుపెట్టారు. అదే కుటుంబం 2005 ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో లాభాపేక్ష లేని సంస్థను రిజిస్టర్ చేయించింది. అదే ఈఎంఆర్‌ఐ. ఆ ఏడాది ఆగస్టు 15న 108 సేవలు మొదలయ్యాయి.

అమెరికాలో 911 ఎలాగో, ఇక్కడ 108 అలాగ. మన జనానికి జపమాల పూసల లెక్కతో ముందే అలవాటైన అంకె. చదువు రాని వాళ్లకు కూడా ఇట్టే గుర్తుండిపోయింది.

పని చేసే పద్ధతిని సంస్థ మూడు మాటల్లో చెప్పేది.. సెన్స్, రీచ్, కేర్. అంటే ఫోన్ ఎత్తి ఆపద ఏంటో పసిగట్టడం, బండిని అక్కడికి చేర్చడం, ఆస్పత్రికి వెళ్లే దారిలోనే ప్రథమ చికిత్స చేయడం. డ్రైవర్‌ను పైలట్ అన్నారు. వెనకాల పేషెంట్ పక్కన కూర్చునే వ్యక్తి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. జనం నోట్లో ఈఎంటీ. అవసరమైతే కాల్ సెంటర్‌లో ఉన్న డాక్టర్ ఫోన్లోనే ఈఎంటీకి సలహా ఇస్తారు. అప్పటిదాకా అంబులెన్స్ అంటే స్ట్రెచర్ వేసిన వ్యాన్. 108తో దానికి అర్థమే మారిపోయింది.

కానీ ఒక కుటుంబం జేబు ఎంత పెద్దదైనా రాష్ట్రమంతా బండ్లు తిప్పగలదా? తిప్పలేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ముందుకొచ్చింది. పబ్లిక్ ప్రైవేటు భాగస్వామ్యంలో ఒప్పందం కుదిరింది. నడిపే ఖర్చులో దాదాపు 95 శాతం ప్రభుత్వానిది, మిగతా 5 శాతం రాజు కుటుంబానిది. 2007లో ఆరోగ్యశ్రీ కూడా రావడంతో రెండూ జోడు గుర్రాల్లా పరిగెత్తాయి. 108 ఆస్పత్రికి చేర్చేది, పేదల ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకునేది.

అదే ఏడాది ఆగస్టులో గుజరాత్ ఈ మోడల్‌ను తీసుకుంది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, అస్సాం.. ఇలా ఒక్కో రాష్ట్రం లైన్ కట్టింది. హైదరాబాద్ శివార్లలోని దేవరయాంజల్ కాల్ సెంటర్ మిగతా రాష్ట్రాల అధికారులకు పాఠశాల అయిపోయింది. అయితే అప్పటికే ఓ విమర్శ కూడా వినిపించింది. సరైన టెండర్ లేకుండా, ఎంఓయూ మీద ఇంత పెద్ద పని ఒకే సంస్థకు అప్పగించడం ఏంటని.

2009 జనవరి 7.. ఆ రోజు ఏమైంది?

ఆ బుధవారం పొద్దున రామలింగరాజు రాసిన లేఖ బయటకు వచ్చింది. సత్యం లెక్కల్లో ఏళ్ల తరబడి లేని సొమ్మును ఉన్నట్టు చూపించామని ఆయనే ఒప్పుకున్నారు. దేశంలోనే అతిపెద్ద కార్పొరేట్ కుంభకోణం అది. షేర్ కుప్పకూలింది. రాజు సోదరులు జైలుకు వెళ్లారు. 2015 ఏప్రిల్‌లో కోర్టు వాళ్లకు ఏడేళ్ల శిక్ష వేసింది.

మరి 108 సంగతి? కుటుంబం ఇవ్వాల్సిన 5 శాతం ఎవరిస్తారు? బోర్డులో ఎవరుంటారు? బ్యాంకులు నమ్ముతాయా? 2009 తొలి నెలల్లో సంస్థలో ఉన్న వేల మంది ఉద్యోగుల్లో ఇదే గుబులు. ప్రభుత్వం సంస్థను చేజారిపోనివ్వలేదు. కొత్త దాత కోసం వెతికింది. చివరికి అదే ఏడాది జీవీకే గ్రూప్ అధినేత జీవీ కృష్ణారెడ్డి ఆ బాధ్యత తీసుకున్నారు. పేరు జీవీకే ఈఎంఆర్‌ఐ అయింది.

జీవీకే అప్పట్లో విమానాశ్రయాలు, విద్యుత్ ప్లాంట్లు, రోడ్లు కట్టే గ్రూప్. ఆ తర్వాత పదేళ్లలో దానికీ అప్పుల భారం పెరిగింది. 2021లో ముంబై విమానాశ్రయం అదానీ గ్రూప్ చేతికి వెళ్లిపోయింది. అంబులెన్స్ సంస్థ పేరు కూడా ఆ తర్వాత మారింది. ఇప్పుడది ఈఎంఆర్‌ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్.

రెండు కుటుంబాలు, మూడు పేర్లు. కానీ యాకుత్‌పురాలోనో, తలాబ్‌కట్టలోనో ఫోన్ పట్టుకున్న ఇంటికి ఇదేదీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అదే ఈ కథలో అసలు విషయం.

ఆగకపోవడానికి రెండు కారణాలు

మొదటిది డబ్బు. ఖర్చులో సింహభాగం ఖజానా నుంచే వస్తున్నప్పుడు, యజమాని పడిపోయినా డీజిల్ ఆగదు. కుటుంబం పెట్టింది ఆలోచన, మేనేజ్‌మెంట్, టెక్నాలజీ. అవి చిన్నవేం కావు. కానీ రోజువారీ ఊపిరి మాత్రం జనం పన్నుల సొమ్మే.

రెండోది నంబర్. 108 జనం నోట్లో నానిపోయింది. ఒకసారి అలవాటయ్యాక ఏ ప్రభుత్వానికీ దాన్ని ఆపే ధైర్యం ఉండదు. పార్టీలు మారినా, రాష్ట్రం రెండుగా విడిపోయినా 108 రెండు వైపులా కొనసాగింది.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే నడిపే సంస్థలే మారిపోయాయి. 2017 చివర్లో పుణెకు చెందిన బీవీజీ చేతికి వెళ్లింది. 2020 జులై 1న అప్పటి ముఖ్యమంత్రి జగన్ విజయవాడలో 108, 104 వాహనాలు కలిపి 1,088 బండ్లకు ఒకేసారి జెండా ఊపారు. నిర్వహణ అరబిందో ఫార్మాకు అనుబంధమైన సంస్థకు దక్కింది. ప్రభుత్వం మారాక మళ్లీ చేతులు మారింది. ప్రతిసారీ టెండర్ల మీద రాజకీయ దుమారం. కానీ నంబర్ మాత్రం అదే.

ఇందులో ఓ ఇబ్బంది కూడా ఉంది. నడిపే సంస్థ మారిన ప్రతిసారీ సిబ్బంది గుండెల్లో రైళ్లు పరిగెడతాయి. పాత బకాయిలు ఎవరిస్తారు? సర్వీసు లెక్కలోకి వస్తుందా? రెండు రాష్ట్రాల్లోనూ 108 ఉద్యోగులు పలుమార్లు సమ్మెకు దిగారు. ప్రాణాలు కాపాడే పని ప్రభుత్వానిది, జీతం చీటీ ప్రైవేటుది. సమస్య వస్తే ఎవరి తలుపు తట్టాలో తెలియని పరిస్థితి.

తెలంగాణలో బండ్ల సంఖ్య విషయానికొస్తే, 2023 ఆగస్టు 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఒకేసారి 466 కొత్త వాహనాలు ప్రారంభించారు. అందులో 204 బండ్లు 108వి, 228 అమ్మ ఒడివి, 34 పార్థివదేహాలను తరలించేవి. దీంతో 108 బండ్లు 455కి చేరాయని, సగటున 75 వేల మందికి ఒకటి ఉన్నట్టని ప్రభుత్వం చెప్పింది. లక్ష మందికి ఒకటి ఉండాలన్న లెక్కతో పోలిస్తే ఇది మెరుగే. కానీ సగటు అనేది రాష్ట్రం మొత్తానికి. గల్లీకి సగటు ఉండదు.

బయట దేశాల్లో ఏం జరిగింది?

అంబులెన్స్ సర్వీసును ఓ కుటుంబం మొదలుపెట్టడం మన దగ్గరే కాదు. డెన్మార్క్‌లో సోఫస్ ఫాల్క్ అనే ఆయన 1906లో కోపెన్‌హాగెన్‌లో ఓ రెస్క్యూ కంపెనీ పెట్టాడు. రాజధానిలో ఓ రాజభవనం తగలబడుతుంటే జనం గందరగోళంగా పరుగులు తీయడం యువకుడిగా ఉన్నప్పుడు చూశాడాయన. ఆపదలో సాయానికి ముందే ఓ ఏర్పాటు ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఆ కంపెనీ జనం కట్టే చందాలతో, స్థానిక ప్రభుత్వాల కాంట్రాక్టులతో పెరిగింది. ఇప్పుడు ఎన్నో దేశాల్లో అంబులెన్సులు నడిపే పెద్ద కంపెనీ.

కరాచీలో అబ్దుల్ సత్తార్ ఈధీ ఓ పాత వ్యాన్‌తో మొదలుపెట్టాడు. ప్రభుత్వ సొమ్ము ముట్టలేదు. జనం వేసిన చిల్లరతోనే ప్రపంచంలోనే అతిపెద్ద స్వచ్ఛంద అంబులెన్స్ దళం తయారైంది. 2016లో ఆయన చనిపోయాక కొడుకు ఫైసల్ దాన్ని నడిపిస్తున్నాడు.

మూడోది శ్రీలంక. ఇది మన హైదరాబాద్‌తో నేరుగా ముడిపడిన కథ. భారత ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో 2016 జులైలో అక్కడ సువ సెరియ పేరుతో ఉచిత అంబులెన్స్ సేవ మొదలైంది. నంబర్ 1990. దాన్ని నిలబెట్టింది మన జీవీకే ఈఎంఆర్‌ఐ. రెండేళ్లకే శ్రీలంక పార్లమెంటు 2018లో చట్టం చేసి, ఆ సేవను ప్రభుత్వ ఫౌండేషన్ కిందకు తెచ్చుకుంది. 2022లో ఆ దేశం పెట్రోల్ కోసం రోజుల తరబడి క్యూలు కట్టిన కాలంలోనూ ఆ బండ్లు తిరిగాయి.

తేడా గమనించండి. హైదరాబాద్ పద్ధతి నేర్చుకున్న శ్రీలంక దానికో చట్టం చేసుకుంది. పద్ధతి పుట్టిన మన గడ్డ మీద మాత్రం 108 ఇంకా కాంట్రాక్టు కాగితం మీదే నడుస్తోంది. బండి ఎన్ని నిమిషాల్లో రావాలి, రాకపోతే జవాబు ఎవరిది.. ఇవన్నీ ఒప్పందంలో రెండు పక్షాల మధ్య ఉండే మాటలు. ఫోన్ చేసిన మనిషికి హక్కుగా రాసిచ్చినవి కావు.

పాతబస్తీలో చివరి 300 మీటర్లు

ఇప్పుడు చార్మినార్ దగ్గరకు వద్దాం. ఈ ఊళ్లో వైద్యానికి కొత్త చరిత్రేం కాదు. చార్మినార్ కట్టిన కొన్నేళ్లకే, 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. అంటే ఆరోగ్య నిలయం. ఆస్పత్రికి ఆస్పత్రి, వైద్యం నేర్పే బడికి బడి. ఆ పేరుతోనే ఇప్పటికీ పేట ఉంది. మూసీ అవతల అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, పేట్లబుర్జులో ప్రసూతి ఆస్పత్రి, పురానీ హవేలీలో దుర్రె షెహ్వార్, అటు కంచన్‌బాగ్ వైపు ఒవైసీ, అపోలో ఆస్పత్రులు. మ్యాప్‌లో చూస్తే ఏ గల్లీకైనా ఆస్పత్రి దగ్గరే.

మరి సమస్య ఎక్కడ? బండి మెయిన్ రోడ్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి ఇంటి దాకా ఉండే చివరి 300 మీటర్లే అసలు పరీక్ష. హుస్సేనీ ఆలం, మొఘల్‌పురా, మిస్రీగంజ్ లాంటి చోట్ల చాలా గల్లీల్లోకి 108 సైజు బండి దూరదు. దూరినా ఎదురుగా ఓ ట్రాలీ ఆటో నిలబడితే కదలదు. ఇంటి నంబర్లు వరుసలో ఉండవు. అడ్రస్ అంటే ఫలానా మసీదు, ఫలానా కమాన్, ఫలానా హోటల్ పక్క గల్లీ. ఫోన్‌లో లొకేషన్ పంపినా వెనక గల్లీలో చూపిస్తుంది. దాంతో పేషెంట్‌ను మంచం మీదో, కుర్చీలోనో మోసుకుని సందు చివరికి తెస్తారు. స్ట్రోక్ వచ్చిన మనిషికి, రక్తం పోతున్న బాలింతకు ఆ పది నిమిషాలే ప్రాణం ఖరీదు.

2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో జరిగింది ఎవరూ మర్చిపోలేరు. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, ఆదివారం తెల్లవారాక ఓ పాత ఇంట్లో మంటలు. 17 మంది చనిపోయారు. అందులో చిన్న పిల్లలే ఎనిమిది మంది. కింద దుకాణాలు, పైన ఇళ్లు, లోపలికి వెళ్లడానికి సొరంగంలాంటి ఇరుకు దారి, ఇరుకు మెట్లు. ప్రధాన రోడ్డు పక్కనే ఉన్న ఇంటి పరిస్థితే ఇదైతే, నాలుగు మలుపుల లోపలి ఇళ్ల మాటేంటి?

2020 అక్టోబర్ వరదలు ఇంకో పాఠం. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు కాలనీల్లో నీళ్లు నిలబడితే జనాన్ని పడవల్లో బయటకు తేవాల్సి వచ్చింది. అలాంటప్పుడు నాలుగు చక్రాల బండి ఎంత ఖరీదైనదైనా ఒడ్డున నిలబడాల్సిందే.

దీనికి విరుగుడు లేదా? ఉంది. తెలంగాణలో 2018లోనే బైక్ అంబులెన్సులు తెచ్చారు. ఈఎంటీ ఆక్సిజన్, ఫస్ట్ ఎయిడ్ కిట్‌తో బైక్ మీద ముందు చేరుకుంటాడు. పెద్ద బండి వచ్చేలోపు చికిత్స మొదలుపెడతాడు. జాతీయ అంబులెన్స్ ప్రమాణాల్లో కూడా ఇలాంటి వాటికి ఏ రకం అని ప్రత్యేకంగా చోటుంది. పాతబస్తీ లాంటి చోటికి అచ్చంగా సరిపోయే ఆలోచన. కానీ మన దగ్గర జెండా ఊపే రోజు ఉన్న సందడి, ఆ తర్వాత రిపేర్లు, పెట్రోల్, మనుషుల లెక్క దగ్గర కనిపించదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఇంకో లోకం

108 బాధ్యత ఆపదలో ఉన్న మనిషిని ఇంటి నుంచో, రోడ్డు మీది నుంచో ఆస్పత్రికి చేర్చడం. అక్కడితో దాని ప్రధాన పని అయిపోతుంది. కానీ రోగి ప్రయాణం అక్కడితో అయిపోదు. ఉస్మానియాలో బెడ్ లేదంటే ఇంకో ఆస్పత్రి. డిశ్చార్జ్ అయితే ఇంటికి. ప్రాణం పోతే సొంతూరికి. ఈ మూడు చోట్లా పేదవాడి కంటికి కనిపించేది గేటు బయట వరుసగా నిలబడ్డ ప్రైవేటు వ్యాన్లే.

ఈ వ్యాపారం కూడా చాలావరకు కుటుంబాలదే. ఒక పాత ఓమ్నీతో మొదలవుతుంది. అన్న బండి తోలితే, తమ్ముడు ఫోన్ ఎత్తుతాడు. ఫైనాన్స్ మీద రెండో బండి, మూడో బండి. ఆస్పత్రి వార్డుల్లో తెలిసిన వాళ్లుంటే గిరాకీ. రాత్రి రెండింటికి కూడా లేచి వచ్చేది వీళ్లే. గల్లీ మలుపులు కళ్లు మూసుకుని చెప్పగలిగేదీ వీళ్లే. పాతబస్తీలో ఎంతోమందికి 108 కన్నా ముందు గుర్తొచ్చేది పేటలో తెలిసిన వ్యాన్ నంబర్. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

కానీ మీటర్ లేదు. రేటు బోర్డు లేదు. దూరం, వేళ, అవసరం చూసి రేటు పలుకుతుంది. ఏడుస్తున్న మనిషి బేరం ఆడలేడు. పైగా అంబులెన్స్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. నిబంధనల ప్రకారం పేషెంట్‌ను తరలించే మామూలు బండి వేరు, ఆక్సిజన్ లాంటి ప్రాథమిక సదుపాయాలున్న బీఎల్‌ఎస్ వేరు, వెంటిలేటర్, గుండెకు షాక్ ఇచ్చే మెషీన్ ఉండే ఏఎల్‌ఎస్ వేరు. ఒకదాని రేటు చెప్పి ఇంకోటి పంపితే సామాన్యుడికి తెలిసే దారి లేదు.

ఇది ఎక్కడికి దారి తీస్తుందో 2022 ఏప్రిల్‌లో తిరుపతిలో చూశాం. రుయా ఆస్పత్రి దగ్గర ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, ఓ తండ్రి కొడుకు మృతదేహాన్ని బైక్ మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. బయటి బండిని లోపలికి రానివ్వలేదన్న ఆరోపణలు వచ్చాయి. అధికారుల మీద చర్యలు తీసుకున్నారు. పార్థివదేహాల కోసం ఆంధ్రలో మహాప్రస్థానం, తెలంగాణలో పరమపద వాహనాలు ఉన్నాయి. ఉన్న సంగతి ఆ వేళకు ఆ కుటుంబానికి చెప్పేవాళ్లు ఉండాలి. బండి ఖాళీగా కూడా ఉండాలి.

2021 మే నెలను కూడా గుర్తు చేసుకోండి. కోవిడ్ రెండో వేవ్‌లో ఆంధ్ర నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దుల్లో ఆపేశారు. బెడ్ ఖాయమైతేనే లోపలికి అన్నారు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వులపై స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. వేలకు వేలు పోసి అంబులెన్స్ మాట్లాడుకున్న కుటుంబాలు టోల్‌గేట్ దగ్గర గంటల తరబడి నిలబడ్డాయి.

డబ్బున్న వాళ్లకు వేరే దారులు తెరుచుకుంటున్నాయి. హైదరాబాద్‌లోనే 2016లో మొదలైన స్టాన్‌ప్లస్ ఇప్పుడు రెడ్ హెల్త్ పేరుతో కార్పొరేట్ ఆస్పత్రులకు అంబులెన్సులు నడుపుతోంది. గురుగ్రామ్‌లో బ్లింకిట్ 2025 జనవరిలో 10 నిమిషాల్లో అంబులెన్స్ అంటూ మొదలుపెట్టింది. మంచిదే. కానీ యాప్‌లో బుక్ చేసుకోగలిగే వాళ్లకు వేగం, మిగతా వాళ్లకు బేరం అన్నట్టు అయితే కష్టం.

చట్టం ఏం చెబుతోంది?

ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి ముందు చికిత్స చేయాలి, పోలీస్ కాగితాలు తర్వాత.. ఈ మాట సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది. ప్రభుత్వ ఆస్పత్రి సకాలంలో వైద్యం ఇవ్వకపోతే అది జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో తేల్చింది. 2019లో మోటారు వాహన చట్టం మార్చాక, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. గాయపడ్డ వాళ్లను ఆస్పత్రికి చేర్చిన వాళ్లను కేసుల పేరుతో వేధించకూడదని కూడా అదే చట్టం చెబుతోంది.

అంటే ఆస్పత్రి బాధ్యత చెప్పారు, రోడ్డు మీద వెళ్లేవాడి బాధ్యత చెప్పారు. మధ్యలో ఉన్న బండి బాధ్యతే ఇంకా ఖాళీగా ఉంది.

మరి ఏం చేయాలి?

ఖర్చు పెద్దగా లేని పనులే ముందు. ఉస్మానియా, పేట్లబుర్జు, నీలోఫర్ లాంటి ఆస్పత్రుల గేటు దగ్గర ఆటో స్టాండ్‌కు పెట్టినట్టే రేటు బోర్డు పెట్టొచ్చు. కిలోమీటర్‌కు ఎంత, వెయిటింగ్‌కు ఎంత, ఏ బండిలో ఏముంటుంది అని తెలుగు, ఉర్దూ, హిందీలో రాయొచ్చు. ప్రైవేటు వ్యాన్ల వాళ్లను తరిమేయడం పరిష్కారం కాదు. రిజిస్టర్ చేయించి, ట్రైనింగ్ ఇచ్చి, 108 లోపలికి రాలేని గల్లీల్లో వాళ్ల సాయం తీసుకుంటే రెండు వైపులా మేలు.

రెండోది లెక్కలు. 108 బండి సగటున ఎన్ని నిమిషాల్లో చేరిందో రాష్ట్రం మొత్తానికి కాదు, డివిజన్ల వారీగా బయటపెట్టాలి. జూబ్లీహిల్స్‌లో ఎంత, జహానుమాలో ఎంత? ఆ అంకె ప్రతి నెలా కనిపిస్తే కార్పొరేటర్ అడుగుతాడు, ఎమ్మెల్యే అడుగుతాడు, జనం కూడా అడుగుతారు.

మూడోది రాబోయే మార్పులు. ఉస్మానియా కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో కోసం దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఆస్పత్రి చోటు మారితే అంబులెన్స్ దారి మారుతుంది. పనులు జరిగినన్నాళ్లు ఉన్న దారి కూడా ఇరుకవుతుంది. ఆ రూట్ మ్యాప్ ఇప్పుడే గీయాలి. ఏ గల్లీ మొదట్లో బైక్ అంబులెన్స్ ఉండాలో, పెద్ద బండి ఎక్కడ ఆగాలో పేట పెద్దలతో, వ్యాన్ల వాళ్లతో కూర్చుని గుర్తు పెట్టుకోవాలి.

108కి ఫోన్ చేసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

ముందు చోటు చెప్పండి, తర్వాత సమస్య. లైన్ కట్ అయినా బండి ఎటు రావాలో వాళ్లకు తెలుస్తుంది.

ఇంటి నంబర్ కన్నా మెయిన్ రోడ్డు మీద అందరికీ కనిపించే గుర్తు చెప్పండి. మసీదు, గుడి, ఫంక్షన్ హాల్, పెట్రోల్ బంక్.. ఏదైనా సరే.

గల్లీ ఇరుకైతే ఆ మాట ముందే చెప్పండి. ఇంట్లోంచి ఒకరు రోడ్డు మీదకు వెళ్లి నిలబడాలి.

ఫోన్ బిజీగా పెట్టుకోవద్దు. పైలట్ దారి అడగడానికి అదే నంబర్‌కు తిరిగి ఫోన్ చేస్తాడు.

పేషెంట్ ఊపిరి, స్పృహ గురించి అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ బండి పంపాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు.

108 బండి ఎక్కినందుకు డబ్బులు ఇవ్వక్కర్లేదు. ప్రైవేటు వ్యాన్ అయితే ఎక్కకముందే రేటు, లోపల ఆక్సిజన్ ఉందో లేదో అడగండి.

ఓ కుటుంబం ఆలోచనతో మొదలైన సర్వీసు 20 ఏళ్లు దాటింది. పెట్టిన వాళ్లు పోయినా, పేరు మారినా జనం దాన్ని తమది అనుకున్నారు. ఖర్చూ జనానిదే కాబట్టి అనుకోవడంలో తప్పేం లేదు. బండి ఎన్ని నిమిషాల్లో వస్తుందన్న మాట కాంట్రాక్టు ఫైల్‌లోంచి బయటకు వచ్చి, చట్టంలో ఓ లైన్‌గా మారిన రోజే ఆ హక్కు పూర్తిగా వాళ్లదవుతుంది.